రెండు వేలన్నారు, పద్నాలుగు వందలిచ్చారు: డెమోక్రటిక్ పార్టీ నాయకులకు బహిరంగ లేఖ

డెమోక్రటిక్ పార్టీ నాయకులకు,

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మీకు తెలుగు రాదని తెలుసు. కానీ ఎన్నికలప్పుడు మా చేతికి తెలుగు కరపత్రాలు వస్తుంటాయి కాబట్టి, అనువాదం చేసేవాళ్ళు ఎవరో ఒకరు మీ దగ్గర ఉండే ఉంటారు. వాళ్ళచేత చదివించుకోండి. చదివించుకోకపోయినా ఫర్వాలేదు, మావాళ్ళు చదువుతారు. జార్జియాలో మావాళ్ళ ఓట్లు ఇప్పుడు తీసిపారేసేటన్ని లేవు. 2020లో బైడెన్ ఇక్కడ గెలిచింది 11,779 ఓట్ల తేడాతో. ఆల్ఫరెటాలో ఒక ఉగాది సంబరానికి వచ్చే జనం, ఆ పక్క ఊళ్ళో ఇంకో సంఘం చేసే ఉగాదికి వచ్చే జనం కలిస్తే అందులో ఎంత భాగమో మీరే లెక్క వేసుకోండి.

ముందు ఆ కరపత్రం సంగతి. 2024 అక్టోబరులో ఎవరో వాలంటీరు కుర్రాడు మా ఇండియన్ గ్రోసరీ బయట నిలబడి పంచాడు. "ఆర్థిక వ్యవస్థ మీ కోసం పనిచేస్తోంది" అని పెద్దక్షరాలతో ఉంది. లోపల బిల్లింగ్ కౌంటర్‌లో ఉండే అక్క దాన్ని రెండుసార్లు చదివింది. "ఎవరు బాబూ, నా కోసం పనిచేస్తోంది? పొద్దున్నే తొమ్మిదింటి నుంచి నేనే కదా అందరికీ చేస్తున్నాను" అని, దాన్ని మడిచి క్యాష్ డ్రాయర్ కింద ఊగకుండా పెట్టింది.

ఆవిడ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరమంతా ఆవిడ చుట్టూనే తిరుగుతుంది. పొన్నూరు వైపు మనిషి. తమ్ముడు స్పాన్సర్ చేస్తే పద్నాలుగేళ్ళు ఎదురుచూసి, 2018లో భర్తతో, ఇద్దరు పిల్లలతో వచ్చింది. తమ్ముడు సాఫ్ట్‌వేర్. ఆవిడ భర్త అక్కడ ఎరువుల కొట్టు నడిపినవాడు, ఇక్కడ గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు. అమెరికా తెలుగువాళ్ళు అనగానే మీకు మాలాంటి ఐటీ వాళ్ళే కనపడతారు. మీ నాయకులు మా సభలకి వస్తే దీపావళి శుభాకాంక్షలు, గ్రీన్‌కార్డు బ్యాక్‌లాగు, ఒక సమోసా, అంతే. ఈ ఉత్తరంలో వీసాల ఊసు కావాలనే ఎత్తడం లేదు. లక్ష డాలర్ల హెచ్‌ వన్‌ బీ ఫీజు మీద మావాళ్ళు ఎలాగూ రోజూ రాస్తూనే ఉన్నారు.

ఆవిడకి 2024లో సిటిజన్‌షిప్ వచ్చింది. ఆ నవంబరులోనే మొదటి ఓటు. ఎవరికేశారక్కా అని అడిగితే దాచలేదు. "ట్రంప్‌కే వేశాను. ఆయన మంచోడని కాదు. ధరలు తగ్గిస్తానన్నాడు. మీ వాళ్ళు అసలు పెరిగాయంటే ఒప్పుకుంటేగా!"

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చాక, ఆవిడ అన్నదాంట్లో తప్పేముందా అని ఆలోచిస్తే ఏమీ కనపడలేదు.

2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం. ఏడాది తిరిగేసరికి అది మూడుకి దిగింది. మీరు షికాగోలో సభ పెట్టి దానికి "బైడెనామిక్స్" అని పేరు పెట్టుకున్నారు. ద్రవ్యోల్బణం మూడుకి దిగిందంటే ధరలు దిగినట్టు కాదు, పెరిగే వేగం తగ్గినట్టు. ఆ నాలుగేళ్ళలో ధరలు మొత్తం మీద 20 శాతానికి పైగా పెరిగి అక్కడే కూర్చున్నాయి. గంట కూలి పది నుంచి పన్నెండయిన మనిషికి అది పెరిగిన జీతంలా కనిపించదు. నిరుద్యోగం తక్కువ, స్టాక్ మార్కెట్ ఎక్కువ, కాబట్టి జనానిదే పొరపాటు అన్నట్టు టీవీల్లో మాట్లాడారు మీవాళ్ళు. నా 401కే, అంటే రిటైర్మెంటుకని మార్కెట్లో దాచుకునే డబ్బు, చూసుకుంటే మీరు చెప్పింది నిజమే. ఆవిడకి 401కే లేదు.

ఇప్పుడు మా ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. 1982లో ఎన్టీ రామారావు పార్టీ పెట్టి తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో గెలిచారు. ఆయన ఎన్ని మాటలు చెప్పారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. కిలో బియ్యం రెండు రూపాయలు. అది మాత్రం అందరికీ గుర్తుంది. మా నాన్న కరడుగట్టిన కాంగ్రెస్ మనిషి, చచ్చేదాకా చెయ్యి గుర్తుకి తప్ప వెయ్యలేదు, ఆయన కూడా ఆ రెండు రూపాయల సంగతి వస్తే తల ఊపేవాడు. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రమాణం చేసిన రోజే రైతులకి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. మా రాజకీయాల్లో "తొలి సంతకం" అనేది ఒక పండగ. మావాళ్ళ హామీలన్నీ గొప్పవని అనడం లేదు. ఆంధ్రాలో సూపర్ సిక్స్, తెలంగాణలో ఆరు గ్యారంటీలు, వాటిలో ఏది చేతికొచ్చింది, ఏది రాలేదు అనే లెక్క ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ లెక్క ఉండటమే ముఖ్యం. ఒక అంకె చెప్తారు, దాన్ని పట్టుకుని జనం నిలదీస్తారు.

మీరూ ఒకసారి అంకె చెప్పారు, మా జార్జియాలోనే. 2021 జనవరి 4న అట్లాంటాలో బైడెన్ ఏం చెప్పారో మాకు గుర్తుంది. సెనేట్‌కి నిలబడ్డ మీ అభ్యర్థులు ఆసాఫ్‌ని, వార్నాక్‌ని గెలిపిస్తే రెండు వేల డాలర్ల చెక్కులు వెంటనే వస్తాయన్నారు. మరుసటి రోజు ఇద్దరూ గెలిచారు, సెనేట్ మీ చేతికొచ్చింది. మార్చిలో చెక్కులొచ్చాయి, 1,400. అంతకుముందు డిసెంబరులో వచ్చిన ఆరు వందలతో కలిపితే రెండు వేలే కదా అని మీ వివరణ. కూడిక సరిపోయింది, మాట సరిపోలేదు. ఆరు వందలు ఆ మాట చెప్పకముందే ఖాయమైన డబ్బు. సంత దగ్గర ఎవరైనా ఇలా లెక్క చెప్తే మేం రెండోసారి ఆ కొట్టుకి వెళ్ళం.

అదే ఏడాది మీరు ఒక గొప్ప పని కూడా చేశారు. చెడగొట్టుకున్నదీ మీరే. చైల్డ్ టాక్స్ క్రెడిట్ అనే పిల్లల పన్ను రాయితీని పెంచి, 2021 జూలై నుంచి నెలనెలా ఖాతాలో వేశారు. ఆరేళ్ళ లోపు బిడ్డకి 300, పైబడిన బిడ్డకి 250. అక్కకి ఇద్దరు పిల్లల మీద నెలకి ఐదు వందలు వచ్చాయి. అప్పుడే మొదటిసారి పెద్దదాన్ని గణితం ట్యూషన్‌లో వేశానని ఇప్పటికీ చెప్తుంది. ఆ ఏడాది అమెరికాలో పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది, లెక్క మొదలయ్యాక ఎన్నడూ అంత తక్కువ లేదు. ఆరు నెలలు వచ్చి డిసెంబరుతో ఆగిపోయాయి. మరుసటి ఏడాది అదే లెక్క 12.4 శాతం. రెండింతలు దాటింది. రిపబ్లికన్లు యాభై మందీ వ్యతిరేకమే, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు వద్దంటారని ముందే తెలుసు. ఆపింది మీ పార్టీ సెనెటర్ మాన్చిన్. ఇచ్చి లాక్కున్నది ఇవ్వనిదానికన్నా ఎక్కువ గుర్తుంటుంది. ట్యూషన్ మాన్పించింది కూడా ఆవిడే కదా.

కనీస వేతనం సంగతీ అంతే. ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 జూలై నుంచి కదల్లేదు. అప్పటినుంచి ధరలు ఒకటిన్నర రెట్లయ్యాయి. టిప్పులొచ్చే పనివాళ్ళకైతే 2.13, అది 1991 నాటిది. మా అట్లాంటా శివార్లలో 7.25కి మనిషి దొరకడు, నిజమే. దక్షిణ జార్జియా పల్లెల్లోకి వెళ్ళి అడగండి. 2021 మార్చి 5న దాన్ని పదిహేనుకి పెంచాలన్న సవరణ సెనేట్‌లో 42-58తో ఓడిపోయింది. వద్దన్న 58 మందిలో 8 మంది మీ వైపు కూర్చునేవాళ్ళు. ఈ ఎనిమిది అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ కూలి మాట ఎత్తితే సంప్రదాయవాద రాష్ట్రాల్లో ఓట్లు పోతాయని మీ కన్సల్టెంట్లు చెప్తారట. ఫ్లోరిడాలో 2020లో ట్రంప్ గెలిచాడు. అదే రోజు, అదే బ్యాలెట్ మీద పదిహేను డాలర్ల కూలికి దాదాపు 61 శాతం ఓటేశారు. మిసోరీలో 2024లో ట్రంప్ 18 పాయింట్ల తేడాతో గెలిచాడు, అక్కడా పదిహేను డాలర్లు గెలిచింది, జీతంతో కూడిన సిక్ లీవు కూడా గెలిచింది. ఆ సిక్ లీవుని ఏడాది తిరక్కుండా అక్కడి రిపబ్లికన్ శాసనసభ ఎత్తేసింది. జనం ఓటేసి తెచ్చుకున్నదాన్ని పట్టపగలు తీసేశారు. మీ పార్టీ దాన్ని దేశమంతా ఊరూరా చెప్పుకుని తిరగాల్సింది. ఎంతమంది చెప్పారు? మా జార్జియాలో అయితే జనం సంతకాలు సేకరించి ఇలాంటివి బ్యాలెట్ మీద పెట్టించే వీలే లేదు. అందుకే మాకు పార్టీ కావాల్సి వస్తోంది.

నేను అర్థం చేసుకున్నది ఇదీ. ఆ కూలీ ఓటర్లు మీ విధానాలకి ఓటేస్తున్నారు, మీకు వెయ్యడం లేదు. 2024 అక్టోబరులో మీ అభ్యర్థి కమలా హారిస్ రిపబ్లికన్ నాయకురాలు లిజ్ చేనీని పక్కన కూర్చోబెట్టుకుని ప్రచారం చేశారు. చేనీ పేరు చెప్తే మా అక్కకి తెలియదు. తెలిసినవాళ్ళకి గుర్తొచ్చేది లిజ్ నాన్న, మాజీ వైస్ ప్రెసిడెంటు డిక్ చేనీ, ఆయన వెనకుండి నడిపిన ఇరాక్ యుద్ధం. బిలియన్ డాలర్లకి పైగా చందాలు వచ్చిన ప్రచారంలో పప్పు, నూనె, అద్దె గురించి ఒక్క అంకె జనం నోట్లో నానేట్టు చెప్పలేకపోయారు. అవతల మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకి పైగా కుమ్మరించాడు, అది అన్యాయమే. కానీ ఓడిపోయింది డబ్బు తక్కువై కాదు.

ట్రంప్‌కి ఎందుకు ఉత్తరం రాయలేదని అడుగుతారేమో. ఆయన నుంచి నేను ఏమీ ఆశించలేదు కాబట్టి. ధరలు మొదటి రోజు నుంచే తగ్గిస్తానన్న మనిషి టారిఫ్‌లు వేశాడు. 2025 ఆగస్టు 27 నుంచి, 2026 ఫిబ్రవరిలో తగ్గించేదాకా, ఇండియా సరుకు మీద 50 శాతం. మా బావమరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆంధ్రా రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే కుశల ప్రశ్నలు లేవు, "బావా, మీ ట్రంపు ఇవాళేమన్నాడు?" అనేవాడు. అక్కడ రేటు పడిపోయింది, ఇక్కడ షాపులో పప్పులు, పచ్చళ్ళు, బియ్యం బస్తాల మీద రేటు పెరిగింది. షాపులో కొత్త ధర స్టిక్కర్లు అంటించేది అక్కే. "నేను ఓటేసినందుకు నాచేతే అంటిస్తున్నాడు" అని నవ్వింది. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2034 నాటికి దాదాపు కోటి మంది ఆరోగ్య బీమా కోల్పోతారని అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) బడ్జెట్ ఆఫీసే అంచనా వేసింది. ఉద్యోగాల లెక్క నచ్చకపోతే ఆగస్టు 1న లెక్కలేసే అధికారిని పీకేశారు. ఇవన్నీ మీరు రోజూ చెప్తూనే ఉన్నారు, నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. అవతలివాడు చెడ్డవాడని చెప్పినంత మాత్రాన మీ సంచిలో ఏముందో జనానికి తెలియదు.

2025 నవంబరు 4 సంగతి చూడండి. జార్జియా పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి ఎన్నిక. కరెంటు రేట్లు ఖరారు చేసే ఐదుగురు మనుషులు. ఐదుగురూ రిపబ్లికన్లే ఉండేవారు. మామూలుగా ఆ పేరే ఎవరికీ తెలియదు. వోగల్ అణు కేంద్రం 14 బిలియన్లతో అవుతుందని మొదలుపెట్టి, 30 బిలియన్లు దాటించి, ఆ భారం బిల్లుల మీదకి నెట్టారు. ఇంకోపక్క ఊరూరా డేటా సెంటర్లు. మీ అభ్యర్థులు అలీషియా జాన్సన్, పీటర్ హబర్డ్ రెండే రెండు మాటలు చెప్పారు: మీ బిల్లు ఎందుకు పెరిగింది, ఎవరు పెంచారు. ఇద్దరూ 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. సెనేట్ సీట్లు పక్కన పెడితే, రాష్ట్ర ప్రభుత్వంలో రాష్ట్రవ్యాప్త పదవి ఒకటి ఇలా మీకు దక్కి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళయింది.

అక్క ఓటేసింది. ఎవరూ చెప్పకుండా, షిఫ్టు అయ్యాక, కారులో పెద్దమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళి మరీ వేసింది. ఆగస్టులో అపార్ట్‌మెంటు కరెంటు బిల్లు మూడు వందలు దాటిందట.

మీ వ్యూహకర్తలు ఇది చూసి ఆశ్చర్యపోయారని పేపర్లలో చదివి నాకు నవ్వొచ్చింది. తెలుగువాళ్ళని ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు. 2000లో మా రాష్ట్రంలో కరెంటు చార్జీలు పెంచితే ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. హైటెక్ సిటీ కట్టి, క్లింటన్‌ని రప్పించి, ప్రపంచమంతా మెచ్చుకున్న ముఖ్యమంత్రి 2004లో ఓడిపోయారు. మీటరు తిరిగే శబ్దం జనానికి వినపడినంతగా నాయకులకి వినపడదు.

న్యూయార్క్‌లో ఆ నవంబరు 4నే మీ పార్టీ మమ్దానీ మేయరుగా గెలిచాడు. అద్దెలు పెంచకుండా ఆపుతా, బస్సులు ఉచితం, పిల్లల సంరక్షణ ఉచితం. నచ్చినా నచ్చకపోయినా ప్రతి ఓటరుకీ ఆ మూడు మాటలు నోటికొచ్చు. ఆ ఊరివాడే, ఆ రాష్ట్రం సెనెటరే, సెనేట్‌లో మీ నాయకుడే అయిన షూమర్ ఆ అభ్యర్థికి మద్దతిస్తున్నానని పోలింగ్ దాకా చెప్పలేదు. వర్జీనియాలో మా హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నరయ్యారని మావాళ్ళు మిఠాయిలు పంచుకున్నారు, మంచిదే. అక్కడా, న్యూజెర్సీలోనూ ఓట్లు తెచ్చింది ఖర్చుల మాటే.

అలా గెలిచిన వారానికే ఏం చేశారు? ఖర్చుల బిల్లు పాసవ్వక ప్రభుత్వం మూతపడి ఉంది, అక్టోబరు 1 నుంచి. కోవిడ్ కాలంలో పెంచిన ఆరోగ్య బీమా సబ్సిడీలు పొడిగిస్తేనే తెరుస్తామని పట్టుబట్టారు. మొదటిసారి మీరు ఒక వంటింటి విషయం మీద గట్టిగా నిలబడ్డారని నేనూ సంతోషించాను. నలభై రోజులకి మీ వైపు నుంచి 8 మంది అవతలికి ఓటేశారు. ఎనిమిది, మళ్ళీ. చేతికొచ్చింది డిసెంబరులో ఓటింగు పెడతామన్న మాట ఒక్కటే. పెట్టారు, కావాల్సిన అరవై ఓట్లు రాలేదు, డిసెంబరు 31తో ఆ పెంచిన సబ్సిడీలు పోయాయి. మా ఆసాఫ్, వార్నాక్ ఆ ఎనిమిదిలో లేరు, ఆ మాట చెప్పాలి. కానీ ప్రతిసారీ ఒక ఎనిమిది మంది దొరుకుతుంటే అది పొరపాటు అనుకోవడం కష్టం.

2025లో జార్జియాలో దాదాపు 15 లక్షల మంది, ఉద్యోగం ద్వారా బీమా లేనివాళ్ళు సబ్సిడీతో కొనుక్కునే ఆ మార్కెట్ బీమా మీదే ఉండేవారు. అక్క పిల్లలిద్దరికీ రాష్ట్రం ఇచ్చే పీచ్‌కేర్ ఉంది. మొగుడూపెళ్ళాల ప్లానుకి ఇన్నాళ్ళూ నెలకి పైసా కట్టకుండా గడిచింది, 2026 నుంచి నూట ముప్ఫై చిల్లర. మీకు, నాకు అది ఒక రాత్రి హోటల్ భోజనం. "ఊళ్ళో ఆరోగ్యశ్రీ కార్డు ఉండేది బాబూ, ఇంత పెద్ద దేశంలో కార్డు లేదేమిటి?" అంది. నేను డిడక్టిబుల్, కోపే, నెట్‌వర్క్ అంటూ ఏదో చెప్పబోయి ఆగిపోయాను.

ఇక నా సంగతి. ఏటా అక్టోబరు చివరికొచ్చేసరికి నా పేచెక్ ఉన్నట్టుండి పెరుగుతుంది. బోనస్ కాదు, ఇంక్రిమెంటూ కాదు. ముసలితనంలో పెన్షన్ల కోసం జీతంలోంచి కోసే సోషల్ సెక్యూరిటీ పన్ను 6.2 శాతం కదా, అది 2025లో 1,76,100 డాలర్ల దాకానే. ఆ గీత దాటాక ఒక్క సెంటు కొయ్యరు. మా టీములో దీనికి "దసరా బోనస్" అని పేరు. పెద్ద డైరెక్టర్లకి వేసవికే వస్తుంది ఆ బోనస్. అక్కకి జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్ఫై ఒకటి దాకా ప్రతి డాలరు మీదా కోత పడుతుంది. 2033లో పెన్షన్ల నిధి అడుగంటి, ఇవ్వాల్సినదాంట్లో 77 శాతమే ఇవ్వగలమని 2025లో ట్రస్టీలే రాశారు. ఆ గీత తీసేస్తే లోటులో చాలా భాగం పూడుతుంది. తీసేస్తామని గట్టిగా అనడానికి మీకు భయం. నాలుగు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళ పన్ను పెంచమని బైడెన్ ప్రమాణం చేశారు, తర్వాత హారిస్ కూడా చేశారు. నాలుగు లక్షలు! మా సబ్‌డివిజన్‌లో మొగుడూపెళ్ళాం ఇద్దరూ ఐటీ అయిన ఇళ్ళు చాలావరకు ఆ గీత కిందే ఉంటాయి. మమ్మల్ని మధ్యతరగతి అన్నారు, సంతోషం. మా ఓట్లు పోతాయని మీ బెంగ. మావాళ్ళలో కొందరు గొణుగుతారు కూడా, అందులో నా స్నేహితులే ఉన్నారు. అయినా అడగండి. నా దగ్గర తీసుకోండి. కానీ తీసుకున్నది ఎక్కడికెళ్ళిందో అక్క ఖాతాలో కనపడాలి.

2026 నవంబరు 3న మళ్ళీ ఎన్నికలు. అందులో ఆసాఫ్ సెనేట్ సీటు మా జార్జియాదే. నేను ఓటు మీకే వేస్తాను, ఆ సంగతి మీకు తెలుసు, అందుకే నా మాట మీరు పెద్దగా పట్టించుకోరు. కాబట్టి అక్క అడిగేదే చెప్తాను. కనీస వేతనం గంటకి 17 డాలర్లు చేసే బిల్లు సెనెటర్ సాండర్స్ 2025లోనే పెట్టారు, 2030కల్లా అందుతుంది. మీ అభ్యర్థులంతా దాని మీద నిలబడతారా, లేదా? పిల్లల డబ్బు నెలనెలా మళ్ళీ వేస్తారా, వేస్తే ఆరు నెలలకా, ఎప్పటికీనా? బీమాకి పోయిన నూట ముప్ఫై తిరిగి వస్తుందా? గెలిస్తే ఏ తారీఖున వస్తుంది, ఎంత వస్తుంది, మీలో ఎనిమిది మంది అడ్డం తిరిగితే వాళ్ళని ఏం చేస్తారు? ఈ అర్ధరాత్రిలోగా ఐదు డాలర్లివ్వకపోతే ప్రజాస్వామ్యం పోతుందని ఎవరెవరి పేర్లతోనో మెసేజులు వస్తుంటాయి. వాటిలో ఒక్కదాంట్లోనైనా ఈ జవాబులు ఉంటే బాగుండును.

అక్టోబరులో మళ్ళీ కుర్రాళ్ళని తలుపులు తట్టడానికి పంపిస్తారు కదా. ఆవిడ అపార్ట్‌మెంటు డులూత్‌లో. సోమవారం సెలవు, మిగతా రోజులు రాత్రి ఎనిమిదిన్నర దాటితే గానీ దొరకదు. భర్త పగలు పడుకుంటాడు, బెల్లు కొట్టొద్దని చెప్పండి. తెలుగు కరపత్రం పట్టుకొస్తే మాత్రం అచ్చుకి పంపేముందు ఒకసారి నాకు పంపండి, ఊరికే దిద్దిపెడతాను.

ఇట్లు,
ఆల్ఫరెటా, జార్జియా నుంచి
మీ పార్టీకే ఓటేసే ఒక తెలుగువాడు